ముప్ఫై అయిదో వంతు ట్యాంకు

ప్రతి మునిసిపాలిటీ ప్రధాన కూడలిలోనూ ఒక యుద్ధ ట్యాంకును ప్రతిష్ఠించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు మా సోమరాజుపేటలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. అంతకు ముందు ఏడాది ప్రతి ఊళ్లోనూ నవ్వుల ఉద్యానవనం ఉండాలన్నారు, పెట్టాం. నవ్వడానికి జనం రాకపోతే శానిటరీ సిబ్బందిని వంతులవారీగా పంపి నవ్వించాం. ఈసారి ట్యాంకు. ట్యాంకును రోజూ చూసే పౌరుల్లో దేశభక్తి పెరుగుతుందని ఏదో సర్వేలో తేలిందట. ఎంత పెరుగుతుందో శాతాల్లో కూడా ఇచ్చారు.

నేను అప్పట్లో మునిసిపల్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. ఉత్తర్వులు చదివి కమిషనరుగారికి వాటి తాత్పర్యం చెప్పడం నా పని. ట్యాంకు ఉత్తర్వు చాలా శ్రద్ధగా రాసిన ఉత్తర్వు. దిమ్మె పన్నెండు అడుగుల ఎత్తుండాలి. దిమ్మెకు పాలరాతి ఫలకం ఉండాలి. చుట్టూ ఇనుప గొలుసు ఉండాలి. ట్యాంకును క్రేను సాయంతో మాత్రమే ఎత్తాలి. ఎత్తే సమయంలో భారీ వాహనాలను దారి మళ్లించాలి. ట్యాంకులు మాత్రం సైన్యం వాడి పక్కన పెట్టినవి ఇస్తారన్నారు. పెద్ద ఊళ్లవాళ్లు ముందే వెళ్లి పట్టుకుపోయారు. మా దరఖాస్తుకు జవాబు ఇలా వచ్చింది: "ట్యాంకుల నిల్వ లేనందున, సదరు ట్యాంకును స్థానికంగా సమకూర్చుకొని, గణతంత్ర దినోత్సవములోగా ప్రతిష్ఠించి, నివేదిక పంపవలెను."

మా కమిషనరు దండపాణిగారు తన సర్వీసు మొత్తంలో 'వీలుపడదు' అనే మాట కాగితం మీద పెట్టని మనిషి. జవాబు రెండుసార్లు చదివించుకున్నారు.

"స్థానికంగా అంటే ఎక్కడయ్యా, భీమశంకరం?"

"మన ఊళ్లోనేనండి."

"మన ఊళ్లో ట్యాంకులు ఎవరమ్ముతారు?"

"నీళ్ల ట్యాంకులైతే మెయిన్ రోడ్డులో రెండు షాపులున్నాయండి."

కమిషనరుగారు కాసేపు నిజంగానే ఆలోచించారు. తర్వాత ఉత్తర్వులో 'యుద్ధ' అనే మాట ఉన్నచోట వేలు పెట్టి, నిట్టూర్చి, కళ్లు నొప్పెడుతున్నాయని కళ్లజోడు తీసేశారు. అద్దాలు మార్పించుకోవాలని అనుకుంటూనే ఆయనకు కుదరడం లేదు. ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని ఉమా ఆప్టికల్స్‌కు బయల్దేరారు.

ఉమా ఆప్టికల్స్ యజమాని మల్లిపూడి ఉమాపతి మా వీధివాడే. యాభై ఏళ్ల మనిషి. నెమ్మదస్తుడు. ఎదుటివాళ్లకు వినపడిందో లేదో అన్నంత చిన్నగా మాట్లాడతాడు. ఊళ్లో సగం మంది చూపు ఆయన చలవే. ఆయనకు ఒక సరదా ఉంది. యుద్ధ ట్యాంకులు, జీపులు, విమానాలు, వీటి నమూనాలు కడతాడు. పట్నం నుంచి పెట్టెలు తెప్పిస్తాడు. ఒక్కో పెట్టెలో ప్లాస్టిక్ చట్రాలకు అతుక్కుని వందలకొద్దీ ముక్కలు ఉంటాయి. వాటిని కత్తిరించి, ఆకురాయితో అంచులు సాఫు చేసి, పట్టకారుతో పట్టుకుని, ఒక్కొక్కటే అతికిస్తాడు. తర్వాత రంగులు వేస్తాడు. అంతా అయ్యాక, కొత్తగా మెరిసిపోతున్న ఆ బండి మీద చీపురుపుల్ల మొనతో తుప్పు, బురద, దుమ్ము పెయింటు చేస్తాడు. ఆయన భార్య హైమావతికి ఇది మాత్రం బొత్తిగా మింగుడుపడదు.

"ఇంట్లో గ్యాసు పొయ్యి మీద తుప్పుంటే కనపడదు ఈయనకి. లేని తుప్పు మాత్రం కూచుని పెడతారు" అంటుంది.

ఆమె బాధలు ఇంకా ఉన్నాయి. పచ్చడి సీసాల మూతలన్నీ రంగులు కలపడానికి పోయాయి. గాజులు పెట్టుకునే బీరువా అర విమానాలకు పోయింది. ఇంటికి వచ్చిన చుట్టాలు "ఈ బొమ్మలు ఎవరికమ్మా, మనవడికా?" అని అడుగుతారు. అలా అడిగినప్పుడల్లా ఉమాపతి నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఎందుకో జాలేసేది. ఇన్నేళ్లలో ఆయన కట్టినదాన్ని చేతిలోకి తీసుకుని, ఇది ఎలా చేశావు అని అడిగిన మనిషి లేడు.

మేము షాపుకి వెళ్లేసరికి ఉమాపతి బల్లముందు కూచుని ఉన్నాడు. బల్లమీద స్టాండుకు బిగించిన పెద్ద భూతద్దం, దాని కింద జానెడు పొడవు ట్యాంకు. కమిషనరుగారు కళ్లజోడు తీసి ఉమాపతి చేతికిచ్చి, వంగి, భూతద్దంలోంచి చూసి, ఒక్క అడుగు వెనక్కి వేశారు.

"ఉమాపతీ! షాపులో ట్యాంకు పెట్టుకున్నావేమిటయ్యా!"

"నిజం ట్యాంకు కాదండి. నమూనా అండి. సెంచూరియన్ అంటారండి దీన్ని. అసలుదాంట్లో ముప్ఫై అయిదో వంతు."

"నిజం కాదంటే ఎలా? ఫిరంగి ఉందా?"

"ఉందండి."

"తిరుగుతుందా?"

ఉమాపతి చిటికెన వేలితో ఫిరంగిని చుట్టూ తిప్పి చూపించాడు.

"చక్రాలు? ఆ గొలుసులు?"

"గొలుసులో ప్రతి లంకె విడిగా అతికించానండి. లోపల డ్రైవరు సీటు కూడా ఉందండి. మూత అతికించేశాక కనపడదు గానీ, ఉందండి" అన్నాడు ఉమాపతి. ఆయన గొంతు ఎప్పుడూ లేనంత గట్టిగా వినిపించింది.

"మరింకేం తక్కువయ్యా దీనికి?"

ఉమాపతి నిజాయితీగా ఆలోచించాడు. "సైజండి."

కమిషనరుగారు నా వైపు తిరిగారు. "భీమశంకరం, ఉత్తర్వులో ట్యాంకు సైజు గురించి ఏమైనా రాశారా?"

నేను గుర్తు చేసుకున్నాను. దిమ్మె సైజు ఉంది. ఫలకం సైజు ఉంది. ఫలకం మీద అక్షరాల సైజు ఉంది. గొలుసు మందం ఉంది.

"లేదండి" అన్నాను.

ఉమాపతికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ట్యాంకును రెండు చేతులతో కప్పేశాడు. "బయట పెట్టేది కాదండి ఇది. ఎండ తగిలితే వంగిపోద్దండి. రెండు వానాకాలాలు పట్టిందండి కట్టడానికి."

"దేశం కోసమయ్యా, ఉమాపతీ" అన్నారు కమిషనరుగారు. ఆ మాటకంటే, ఆయన మళ్లీ వంగి "ఈ చిన్న మేకులు కూడా నువ్వే పెట్టావా?" అని అడిగిన మాటకు ఉమాపతి కరిగిపోయాడని నా అనుమానం.

హైమావతి మాత్రం చాలా సంతోషించింది. "తీసుకెళ్లండి బాబూ. విమానాలక్కూడా ఎక్కడైనా ఉత్తర్వు వచ్చిందేమో చూడండి" అంది.

* * *

దిమ్మె కట్టారు. ఫలకం మీద ఏం చెక్కించాలో ఉమాపతినే అడిగారు. నమూనాలు కట్టేవాళ్లు పేరు పక్కన స్కేలు రాయకపోతే తప్పట. అందుకని 'సెంచూరియన్ యుద్ధ ట్యాంకు, 1/35' అని చెక్కించాడు.

ప్రతిష్ఠకు ముందు చిన్న గొడవైంది. శానిటరీ ఇన్‌స్పెక్టరు ట్యాంకు మీద బురద చూసి, ముఖ్య అతిథి వచ్చేలోగా శుభ్రం చేద్దామని తడిగుడ్డ తీసుకున్నాడు. ఉమాపతి పరుగెత్తుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ బురద నాదండీ! నేను పెట్టిన బురదండీ!"

పబ్లిక్ స్థలంలో బురద తనదని ఒప్పుకున్న మొదటి పౌరుడు ఉమాపతి. శానిటరీ ఇన్‌స్పెక్టరు ఆయనకు జరిమానా వెయ్యాలో, అభినందించాలో తెలియక గుడ్డ పిండేసుకుని వెళ్లిపోయాడు.

క్రేను వచ్చింది. లారీలను బైపాసు మీదికి మళ్లించారు. క్రేను డ్రైవరు దిగి, చుట్టూ చూసి, "ట్యాంకెక్కడండీ?" అన్నాడు. ఉమాపతి కాఫీ ట్రేలో పట్టుకున్న ట్యాంకును చూపించాడు. డ్రైవరు ట్రేను చూశాడు, దిమ్మెను చూశాడు, తన క్రేనును చూసుకున్నాడు.

"దీనికి క్రేనెందుకండీ బాబూ? ఇలాగివ్వండి, నిచ్చెనెక్కి పెట్టేసొస్తాను."

"ఉత్తర్వులో క్రేనని ఉంది" అన్నారు కమిషనరుగారు.

కొక్కేనికి కడితే ఫిరంగి విరిగిపోతుందని ఉమాపతి మొత్తుకున్నాడు. చివరకు కౌన్సిల్ హాల్లోంచి చేతుల కుర్చీ తెప్పించి, దాన్ని కొక్కేనికి కట్టి, అందులో ఉమాపతిని కూచోబెట్టి, ఆయన ఒళ్లో ట్యాంకు పెట్టి, అన్నీ కలిపి ఎత్తారు. బ్యాండు మోగింది. హైమావతి కిందినుంచి "ఏవండీ, కిందికి చూడకండీ!" అని అరుస్తూనే ఉంది. ఆయన కిందికి చూడలేదు. పైకీ చూడలేదు. దిమ్మె మీద ట్యాంకును దించి, తల వాల్చి చూసి, "ఇంకొంచెం పడమటకి తిప్పాలండీ, వెలుగు బావుంటది" అన్నాడు. క్రేను చాలాసేపు ఆయన కోసం అటూ ఇటూ ఊగింది.

కిందినుంచి ట్యాంకు ఎవరికీ కనపడలేదు. పన్నెండు అడుగుల ఎత్తులో జానెడు వస్తువు కనపడదు కదా. ముఖ్య అతిథి తలెత్తి చూశారు, ఏమీ కనపడలేదు. అనుభవం ఉన్న నాయకుడు కాబట్టి ఆ సంగతి బయటికి తెలియనివ్వకుండా, "ఈ మహా శకటం నీడలో మన బిడ్డలు నిర్భయంగా ఆడుకుంటారు" అని చాలాసేపు మాట్లాడారు. దిమ్మెకు సెల్యూట్ చేశారు. ఫొటోగ్రాఫరు నిచ్చెనెక్కి, లెన్సు ఫిరంగి దగ్గరగా పెట్టి తీశాడు. ఆ ఫొటోలో ట్యాంకు వెనక మా మూడంతస్తుల సినిమా హాలు అగ్గిపెట్టెలా ఉంది. నివేదికతో పాటు ఆ ఫొటో పంపాం. జిల్లాలోకెల్లా గంభీరమైన ట్యాంకు సోమరాజుపేటదేనని ప్రశంసాపత్రం వచ్చింది.

సైనిక వాహనం కాబట్టి కాపలాకు ఒక కానిస్టేబుల్‌ని వేశారు. ఆయన పగలంతా కాకుల్ని తోలేవాడు. ఉమాపతి మెత్తటి కుంచె పట్టుకుని దుమ్ము దులపడానికి వస్తే, "పౌరులు ట్యాంకు దగ్గరికి రాకూడదండీ" అని పంపించేసేవాడు. ఉమాపతి షాపు గుమ్మంలో నిలబడి దుర్బిణీతో చూసుకునేవాడు. కళ్లజోళ్లకు వచ్చినవాళ్లు కూడా ఆ దుర్బిణీ అడిగి తీసుకుని చూసి, "ఉందండోయ్, నిజంగానే ఉంది" అనుకుంటూ వెళ్లేవారు.

* * *

అంతా సవ్యంగా జరుగుతుండగా ఆడిట్ వచ్చింది.

ఆడిటరు అనంతశయనంగారు సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసినట్టు ఉండే మనిషి. ఒంటరివాడు. ఊరూరా లాడ్జీల్లో దిగి తప్పులు పట్టడమే జీవితం. ఏ ఊరికి వెళ్లినా అక్కడివాళ్లు భయంతో కాఫీ ఇస్తారు, ఆయన అనుమానంతో వద్దంటారు. ఆయన కూడలిలో జీపు ఆపించి, ఫలకం చదివారు. దగ్గరకెళ్లి మళ్లీ చదివారు. ఆ మధ్యాహ్నమే అభ్యంతరం టైపు చేయించారు.

"సెంచూరియన్ యుద్ధ ట్యాంకు ఒకటింటికి గాను, ముప్ఫై అయిదింట ఒక వంతు మాత్రమే అందినట్లు ఫలకము వలన తెలియవచ్చుచున్నది. మిగిలిన ముప్ఫై నాలుగు వంతులు ఎచ్చటనున్నవి, ఎవరి స్వాధీనమున ఉన్నవి, పేలు స్థితిలో ఉన్నవా లేవా అను విషయములు తక్షణము తెలుపవలెను."

ఉమాపతిని పిలిపించారు. ఆయన కమిషనరుగారి గదిలో కుర్చీ అంచున కూచున్నాడు.

"మిగతా ముప్ఫై నాలుగు వంతులు ఏవి?" అన్నారు అనంతశయనంగారు.

"లేవండి."

"లేవా, ఇవ్వలేదా?"

"అసలు ఉండవండి. అదే పూర్తి ట్యాంకండి."

"పూర్తిదైతే 'ఒకటి' అని ఉండాలి. ఒకటి బై ముప్ఫై అయిదు అని మీరే చెక్కించారు."

"అది స్కేలండి. అసలు ట్యాంకు ఇరవై అయిదు అడుగులనుకోండి..."

"అసలు ట్యాంకు!" ఆడిటరుగారు కలం తీశారు. "అంటే అసలుది వేరే ఉంది. ఎక్కడుంది?"

"పూర్వం సైన్యం దగ్గర ఉండేదండి. యుద్ధాల్లో వాడారండి."

"అంటే సైన్యానికి చెందిన ట్యాంకులో ఒక వంతు మీ దగ్గరికి వచ్చింది. ఎలా వచ్చింది?"

"పెట్టెలో వచ్చిందండి" అన్నాడు ఉమాపతి. అని, తాను చెప్పిన నిజం ఎంత ప్రమాదకరంగా ఉందో తనకే అర్థమై, మంచినీళ్లు అడిగాడు.

నేను కల్పించుకుని స్కేలు అంటే ఏమిటో చెప్పబోయాను. గోడమీద మా పట్టణం మ్యాపు ఉంది, దాని కింద కూడా స్కేలు ఉంటుంది. అది చూపించాను. అనంతశయనంగారు దాన్ని పరిశీలించి, "ఊరు కూడా పూర్తిగా అందినట్టు లేదే" అని రాసుకున్నారు.

ఇక దండపాణిగారు గొంతు సవరించుకున్నారు. "సరఫరా దశలవారీగా జరుగుతోందండి. మొదటి వంతు అందింది. మిగతావి ఉమాపతి అందజేయవలసి ఉంది."

అలా ఉమాపతి ముప్ఫై నాలుగు వంతుల ట్యాంకు బాకీదారు అయ్యాడు. అవి అప్పగించేదాకా షాపుకు సీలు వెయ్యాలని, అప్పగించకపోతే సైనిక సామగ్రి దాచిపెట్టినందుకు కేసు పెట్టాలని తీర్మానమైంది. ఎస్సై గంగరాజుగారు వచ్చి తాళం మీద లక్క పోశారు. ఇంకా తెచ్చుకోని కొత్త కళ్లజోడు లోపలే ఉండిపోవడంతో దండపాణిగారు కొన్నాళ్లు సంతకాలు అంచనాగా పెట్టారు.

* * *

ఉమాపతి ఇంట్లో కూచున్నాడు. పనిముట్లన్నీ షాపులో ఉండిపోయాయి. పట్టకారు లేదు, జిగురు లేదు, భూతద్దం లేదు. వరండాలో కుర్చీలో కూచుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, వీధిలోకి చూస్తూ ఉండేవాడు. నేను పలకరిస్తే, "జైలుకంటారా, భీమశంకరం గారూ? అక్కడ గోళ్లు కత్తిరించుకునే కత్తెరైనా ఇస్తారంటారా?" అని అడిగాడు.

ఇదంతా చూస్తున్న హైమావతికి కొత్త కష్టం వచ్చింది. పచ్చడి సీసాల మూతలు సీసాల మీదే ఉన్నాయి. ఇల్లంతా సర్దినట్టు ఉంది. ఏం చెయ్యాలో తోచక, ఆవిడ ఒకరోజు గోళ్లరంగు సీసా తెచ్చి ఆయన ముందు పెట్టి, "పోనీ గ్యాసు పొయ్యి మీద తుప్పైనా పెట్టండి" అంది. ఆయన నవ్వలేదు. ఆవిడ లోపలికి వెళ్లి చీర మార్చుకుని, గొడుగు తీసుకుని, తిన్నగా మునిసిపల్ ఆఫీసుకు వచ్చింది.

"ఆయ్, నేను ఉమాపతిగారి భార్యనండి" అంది కమిషనరుగారి గదిలో నిలబడి. ఆడిటరుగారు కూడా అక్కడే ఉన్నారు.

"చెప్పండమ్మా."

"మిగతా ముప్ఫై నాలుగూ ఇస్తాం బాబూ. ఎగ్గొట్టే వంశం కాదు మాది. కానీ షాపుకి సీలేసి ట్యాంకులిమ్మంటే ఎక్కడ చెయ్యమంటారు? నా పోపులడబ్బాలోనా?"

దండపాణిగారు ఆలోచనలో పడ్డారు.

"ఒక్క మనిషి ఒక్క ట్యాంకు కట్టడానికి రెండు వానాకాలాలు పట్టింది. ఒక్కడే అన్నీ కట్టాలంటే మీరూ ఉండరు, మేమూ ఉండం. మీ దగ్గర ఇంతమంది మనుషులున్నారు కదా. పంపండి. ఆయన నేర్పిస్తారు. మీ ట్యాంకు మీరే పూర్తి చేసుకోండి."

ఆవిడ ఎగతాళికి అన్నదో, నిజంగా అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. దండపాణిగారి మొహం మాత్రం వెలిగిపోయింది. "సరఫరాదారు అశక్తుడైనచో, శాఖాపరమైన సిబ్బందిని సమకూర్చి పని పూర్తి చేయించవచ్చును" అన్నారాయన, కళ్లు మూసుకుని, నిబంధన మొత్తం అప్పజెబుతూ. ఆడిటరుగారు అందులో తప్పు వెతికారు, దొరకలేదు. సాయంత్రానికల్లా 'ట్యాంకు సంపూర్తి విభాగం' ఏర్పడింది. బిల్లు కలెక్టర్లు, శానిటరీ ఇన్‌స్పెక్టరు, నేను, అందరం డిప్యుటేషను మీద అందులోకి వెళ్లాం. ఆయుధ తయారీ పోలీసు పర్యవేక్షణలో జరగాలి కాబట్టి ఎస్సై గంగరాజుగారిని కూడా వేశారు. షాపు సీలు తీశారు. పట్నం నుంచి పెట్టెలు వచ్చాయి.

కౌన్సిల్ హాల్లో బల్లలన్నీ చేర్చి, మమ్మల్ని కూచోబెట్టి, ఉమాపతి మొదటి రోజు తలెత్తకుండా మాట్లాడాడు. "ముక్కని చట్రంలోంచి విరవకండి. కొయ్యండి. జిగురు చుక్క చాలండి, ముద్ద వద్దు" అని గొణిగాడు. మూడోనాటికి ఆయన గొంతు వరండాలోకి వినపడింది. "ఎవరండీ అది, ఆకురాయి పట్టకుండా అతికించింది? పీకండి!" అని శానిటరీ ఇన్‌స్పెక్టరు మీద కేకలేస్తుంటే, హైమావతి గుమ్మంలో నిలబడిపోయి, "మా ఆయనేనా?" అని నన్నడిగింది.

ఆ పని ఎలాంటిదో చేస్తేగాని తెలియదు. మిరపగింజంత ముక్కను పట్టకారుతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, దాని చోట్లో పెట్టి వదిలినప్పుడు అది నిలబడితే, ప్రమోషను వచ్చినప్పుడు కూడా అంత ఆనందం ఉండదు. జారి కింద పడితే మాత్రం ఆఫీసంతా బల్లల కింద మోకాళ్ల మీద పాకాలి. కాలువలు పొంగుతున్నాయని ఫిర్యాదు చెయ్యడానికి వచ్చినవాళ్లు, బల్లల కింద ఉన్న మమ్మల్ని చూసి, ఏమైందని అడిగి, వాళ్లూ వెతికి, చివరికి కూచుని నాలుగు చక్రాలు అతికించి వెళ్లేవారు. క్రేను డ్రైవరు పనిలేనప్పుడల్లా వచ్చేవాడు. గుబురు మీసాల గంగరాజుగారి చెయ్యి రంగులెయ్యడంలో ఇంత మెత్తనిదని ఊళ్లో దొంగలెవరికీ తెలియదు.

"కొత్త బండికి బురదెందుకండీ గురువుగారూ?" అని గంగరాజుగారే ఒకసారి అడిగారు.

"యుద్ధానికి వెళ్లొచ్చిన బండి పెళ్లికి వెళ్లొచ్చినట్టు ఉండకూడదండి" అన్నాడు ఉమాపతి.

'గురువుగారు' అన్న పిలుపుకు ఉమాపతి చెవులు ఎర్రబడడం నేను చూశాను.

అనంతశయనంగారు పురోగతి పరిశీలనకు వచ్చేవారు. మొదట్లో చేతులు వెనక్కి కట్టుకుని, బల్లల మధ్య నడిచి, ఏమీ అనకుండా వెళ్లిపోయేవారు. ఒకరోజు నా భుజం వెనక ఆగారు.

"ఆ చక్రం వంకరగా ఉంది."

నాకు ఎంత చూసినా వంకర కనపడలేదు. ఉమాపతి వచ్చి భూతద్దంతో చూసి, "వెంట్రుకవాసి వంకరండి! ఎలా పట్టేశారండీ? నాకే కనపడలేదు" అన్నాడు. "మీరే సరిచెయ్యండి సార్."

ఆడిటరుగారు తన చేతిలో పెట్టిన పట్టకారు వైపు చూశారు. తప్పు చూపించడమే తప్ప సరిచెయ్యమని ఆయన్ని సర్వీసులో ఎవరూ అడగలేదు. నిలబడే మొదలుపెట్టారు. తర్వాత కూచున్నారు. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే చెయ్యి ఊపి పంపేశారు. హైమావతి కాఫీ తెచ్చి, "జిగురు గ్లాసు, కాఫీ గ్లాసు పక్కపక్కన పెట్టకండి, మా ఆయన ఓసారి తాగబోయారు" అంది. ఆయన ఆ కాఫీ తాగారు. సోమరాజుపేటలో ఆయన తాగిన మొదటి కాఫీ అది. మర్నాటి నుంచి ఆయన పురోగతి పరిశీలన ఉదయం మొదలై ఆఫీసు మూసేదాకా సాగేది. తన కుర్చీ ఇంకెవరైనా లాక్కుంటే మొహం చిన్నబుచ్చుకునేవారు.

అనుకున్నదానికంటే చాలా ముందే పని పూర్తయింది. ఇన్ని చేతులు పడ్డాయి కదా. దిమ్మె మీదనుంచి మొదటి ట్యాంకును దించి తెచ్చారు. ఎండకు కాస్త వంగిన ఫిరంగిని ఉమాపతి వేడినీళ్లు పట్టించి సరిచేశాడు. కౌన్సిల్ హాల్లో తెల్లటి దుప్పటి మీద ముప్ఫై అయిదు ట్యాంకులు వరస తీరాయి. దేనికదే వేరుగా ఉంది. నాది కొంచెం ఎడమకు ఒరిగింది. శానిటరీ ఇన్‌స్పెక్టరుది అసలు బురదే లేకుండా తళతళలాడుతోంది, ఎంత చెప్పినా ఆయనకు మనసొప్పలేదు. గంగరాజుగారు తన ట్యాంకు పక్కన వేలెడు సిపాయిని నిలబెట్టి మీసాలు కూడా పెట్టారు. జనం కిక్కిరిసిపోయి చూశారు. "ఇది ఎలా చేశారండీ?" అని అడిగినవాళ్లకు ఉమాపతి జవాబు చెప్పీ చెప్పీ బొంగురుపోయాడు.

దండపాణిగారు కొత్త కళ్లజోడు పెట్టుకుని లెక్కపెట్టారు. అనంతశయనంగారు కూడా లెక్కపెట్టి, రాశారు: "ముప్ఫై అయిదింట ముప్ఫై అయిదు వంతులు అందినవి. వెరసి ట్యాంకు ఒకటి. అభ్యంతరము ఉపసంహరింపబడినది."

అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక హాలంతా ఒక్కసారిగా బోసిపోయినట్టయింది.

"అయితే విభాగం రేపటినుంచి రద్దు" అన్నారు దండపాణిగారు. ఆయన గొంతులో కూడా ఉత్సాహం లేదు. బిల్లు కలెక్టర్లు పన్నులకు వెళ్లాలి. శానిటరీ ఇన్‌స్పెక్టరు కాలువలకు వెళ్లాలి. గంగరాజుగారు పట్టకారును తుడిచి, లాఠీ పక్కన పెట్టి, రెంటినీ మార్చి మార్చి చూశారు. ఉమాపతి చట్రాల ముక్కలు పోగుచేస్తూ, మళ్లీ చిన్న గొంతుతో, "అందరూ అప్పుడప్పుడూ షాపుకి రండి" అన్నాడు. వస్తామన్నాం. ఎవరు వస్తారు? ఉద్యోగాలు మొదలైతే వీధి చివరికి వెళ్లడానికి కూడా తీరదని అందరికీ తెలుసు. హైమావతి కాఫీ గ్లాసులు ట్రేలో సర్దుతూ, ఒకటి తక్కువైందని వెతికింది. అది అనంతశయనంగారి చేతిలోనే ఉంది. ఖాళీ అయిపోయినా ఆయన వదల్లేదు. జీపు సిద్ధంగా ఉందని డ్రైవరు వచ్చి చెప్పాడు.

ఆడిటరుగారు లేచారు. గుమ్మం దాకా వెళ్లారు. వెనక్కి వచ్చారు. జేబులోంచి స్కేలుబద్ద తీసి, ఒక ట్యాంకు పొడవు కొలిచారు. తర్వాత వెడల్పు కొలిచారు. తర్వాత ఎత్తు కొలిచారు. కాగితం మీద ఏదో గుణించారు. మళ్లీ గుణించారు.

"ఒక పొరపాటు జరిగింది" అన్నారు.

ఉమాపతి పోగుచేస్తున్న చట్రాల ముక్కలు అక్కడే వదిలేశాడు.

"సదరు ట్యాంకు పొడవులో ముప్ఫై అయిదో వంతు. వెడల్పులోనూ ముప్ఫై అయిదో వంతే. ఎత్తులోనూ అంతే. ఆ ప్రకారం అసలు ట్యాంకు పూర్తి కావడానికి నలభై రెండు వేల ఎనిమిది వందల డెబ్బై అయిదు కావలసి ఉండగా, ముప్ఫై అయిదు మాత్రమే అందినవి. ఉపసంహరించిన అభ్యంతరమును పునరుద్ధరించుచున్నాను." ఆయన స్కేలుబద్ద జేబులో పెట్టుకున్నారు. "పురోగతిని నేను స్వయంగా, ఇక్కడే ఉండి పర్యవేక్షించవలసి ఉంటుంది."

అందరం దండపాణిగారి వైపు చూశాం. 'వీలుపడదు' అనే మాట ఆయన ఎప్పుడూ వాడింది లేదు. ఆయన కొత్త కళ్లజోడు సర్దుకుని, ఈ విభాగమును శాశ్వత ప్రాతిపదికన కొనసాగించవలెనని నన్ను వెంటనే డ్రాఫ్టు రాయమన్నారు. మా అంచనా ప్రకారం మా మనవల రిటైర్మెంటు నాటికి పని ఒక కొలిక్కి వస్తుంది. గంగరాజుగారు లాఠీని మూలన పెట్టేశారు. హైమావతి కాఫీ కలపడానికి వెళ్లింది.

ఉమాపతి కొత్త పెట్టె తెచ్చి బల్లమీద పెట్టాడు. మూత తీసి, చట్రాలు బయటికి తీసి, ఆడిటరుగారి కోసం కుర్చీ లాగాడు.

"కూచోండి సార్. ముందు చక్రాలు కోద్దాం" అన్నాడు. "తొందరేం లేదు."